మొక్కలు పంచకండి, కాకి గూడు ఉంచండి

ఇదివరకు పెద్దకర్మ భోజనానికి వెళ్తే పోయినవారి పేరు, తేదీ చెక్కిన స్టీలు గిన్నె చేతిలో పెట్టి పంపేవారు. ఆ గిన్నెలు ఇప్పటికీ మన వంటిళ్లలో ఉన్నాయి. వాటిలో పోపు గింజలు పోసుకుంటాం. పేరు మాత్రం తోమి తోమి అరిగిపోయి ఉంటుంది. ఇప్పుడు గిన్నె పోయి మొక్క వచ్చింది. పోయిన మనిషికి చెట్లంటే ఇష్టమని నలుగురికీ తెలిస్తే ఇక చెప్పనక్కరలేదు. కడియం నర్సరీల నుంచి వ్యాను దిగుతుంది. నల్లటి ప్లాస్టిక్ సంచిలో జానెడు మొక్క, దానికి దారంతో కట్టిన ఫోటో కార్డు, గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ నిలబెట్టడానికి వీధిలో మిగిలిన వేపచెట్టుకు మేకులు కొడతారు. వెటకారానికి అనడం లేదు, కళ్లారా చూశాను.

నాకు ఈ ఆనవాయితీ మీద అభ్యంతరం ఉంది. మొక్క నాటడం పాపమని నేననడం లేదు. చెట్టూ పిట్టా అంటే ప్రాణం పెట్టిన మనిషిని తలచుకోవడానికి కొత్త మొక్క కొనడం అన్నిటికన్నా సులువైన పని. ఆ మనిషి బతికున్నన్నాళ్లూ అడ్డం పడి కాపాడిన పాత చెట్టును ఆ తర్వాత కూడా కాపాడటం కష్టమైన పని. అందులో ఎవరితోనో ఒకరితో మాట పడాలి, నిష్ఠూరమవ్వాలి. మనం మొదటిది చేసేసి రెండోదాని నుంచి మర్యాదగా తప్పుకుంటున్నాం. మా పెద్దమ్మ విషయంలో మా ఇంట్లో జరిగింది ఇదే.

పెద్దమ్మ వాళ్లది బెజవాడ సత్యనారాయణపురం. పెదనాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు ఆ పేట మధ్యలోంచి రైలు పట్టాలు వెళ్లేవి. వాటిని తీసేసి బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. ఏ మలుపులో ఏ చెట్టు ఉండేదో, ఏది ఎప్పుడు పోయిందో పెద్దమ్మ వరసగా చెప్పేది. ఇంటికి వచ్చిన చుట్టాలకు ఇది విసుగు. కొత్త రోడ్డు ఎంత వెడల్పుగా ఉందో వాళ్లు చెప్పబోతుంటే, ఆవిడ అక్కడుండే బూరుగ చెట్టు సంగతి ఎత్తేది.

ఆవిడ గురించి తెలియనివాళ్లు ఇంటికి వచ్చి ఆశ్చర్యపోయేవారు. తులసికోట తప్ప ఇంట్లో ఒక్క కుండీ ఉండేది కాదు. పక్కింటి బాల్కనీలో క్రోటన్లు చూసి, "కట్టుగొయ్యకు కట్టేసిన దూడల్లా ఉన్నాయి" అనేది. తోటపని రాదు, రావాలని కోరికా లేదు. ఆవిడ ధ్యాసంతా వీధిలో తమంతట తాము నిలబడి ఉన్నవాటి మీదే. పొద్దున్నే గుణదల వైపు ఏలూరు కాలువ గట్టు మీద నడక. లకుముకి పిట్ట ఏ తీగ మీద కూర్చుంది, గుర్రపుడెక్క ఎంత మేర పాకింది, ఎవరింటి ముందు కానుగ కొమ్మలు కొట్టారు, ఇవీ ఆవిడ తెచ్చే వార్తలు. వేసవిలో బ్యారేజీ దగ్గర కాలువలకు నీళ్లు కట్టేసినప్పుడు అడుగున బయటపడే సంచులనూ దిండ్లనూ దేవుడి పటాలనూ చూసి ఊళ్లోవాళ్లందరినీ కలిపి తిట్టేది.

కృష్ణ మీద మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. ఆ కాలువ గట్ల మీది పెద్ద చెట్లు కొన్ని నా చిన్నప్పుడే ముసలివి. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. ఎవరి జ్ఞాపకార్థమో బోర్డు లేదు. అయినా నీడ ఇస్తున్నాయి. నాటినవారి పేరు మిగలకపోయినా చెట్టు మిగిలితే చాలనుకునే మనుషులు ఒకప్పుడు ఉండేవారని అనుకోవడం నాకు ఇష్టం. అవి గాలికో పిట్టకో మొలిచినవైనా నా వాదనకు నష్టం లేదు. కొట్టకుండా వదిలేసినవాళ్లు ఎవరో ఉన్నారు కదా.

పెద్దమ్మ 2024 మార్గశిరంలో పోయింది. బుడమేరు వరద ఊరిని ముంచిన ఏడాదే. సంవత్సరీకం దగ్గర పడుతుండగా అన్నయ్య, వదిన మొక్కలు పంచుదామన్నారు. నేను వద్దన్నాను. ఇద్దరి మధ్యా కూర్చున్న పెదనాన్న చాలాసేపు విని ఒక మాట అన్నారు: "మీ పెద్దమ్మకు మొక్కలంటే ఇష్టం లేదురా. చెట్లంటే ఇష్టం." ఆయనకు ఇప్పటికీ వేపకూ కానుగకూ తేడా తెలియదు. యాభై ఏళ్ల కాపురంలో ఆవిడ చెప్పని రోజు లేదు, ఆయన విన్న రోజూ లేదు. కానీ ఆ మనిషికి ఏది ఇష్టమో మా అందరికన్నా సరిగ్గా ఆయనకే తెలుసు.

మాట నెగ్గింది మాత్రం వదినది. వ్యాను వచ్చింది.

ఆ రోజు ఇంకో సంగతి జరిగింది. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించింది అందుకే. డాబా మీద విస్తరి వేసి కాకికి పెట్టాం. గారెలు, పాయసం, మామిడల్లం పచ్చడి, పెరుగన్నం, అన్నీ ఆవిడకు ఇష్టమైనవే. కాకి రాలేదు. కాకి ముట్టనిదే ఇంట్లోవాళ్లు తినకూడదు. కింద షామియానాలో వచ్చినవాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. కావు కావుమని పిలిచాం. దూరంగా సెల్ టవరు మీద రెండు కనబడుతున్నాయి కానీ ఇటు రావడం లేదు. చుట్టాల్లో ఒక పెద్దాయన, "ఏదో కోరిక మిగిలి ఉంటుంది, పైకి చెప్పండి" అన్నారు.

అన్నయ్య చేతులు జోడించి, "అమ్మా, నాన్నను మేం చూసుకుంటాం" అన్నాడు. కదలిక లేదు. వదిన, "అత్తయ్యా, పాప పెళ్లి మీరు అనుకున్నట్టే చేస్తాం" అంది. లేదు. మా చిన్నత్త, "నీ గాజులు నీ కూతురికే ఇస్తారులే వదినా" అని ఎవరూ అడగని హామీ ఇచ్చింది. కాకి రాలేదు గానీ మెట్ల మీద నిలబడ్డ ఇద్దరు తలెత్తి చూశారు. ఊళ్లోని పొలం, చిన్నవాడి ఉద్యోగం, అన్నవరం మొక్కు, అన్నీ వరసగా అయ్యాయి. చెట్ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. చివరికి చాలాసేపటికి టవరు మీదున్న రెండింటిలో ఒకటి వచ్చి గారె ముక్క నోట కరచుకుని వచ్చిన దారినే పోయింది. అన్నవరం మొక్కే బాకీ అని అందరూ తేల్చుకుని భోజనాలకు దిగారు.

కాకి ఆలస్యానికి కారణం చాలా లౌకికమైనది. ఆ ఇంటి ముందు వేపకు తల లేదు. పెద్దమ్మ లేని మొదటి వేసవిలో, మే నెలలో, కరెంటు తీగలకు అడ్డం వస్తున్నాయని కొమ్మలన్నీ నరికేశారు. వీధిలో మిగతా చెట్లకూ అదే గతి పట్టింది. వాలడానికి కొమ్మ లేని వీధిలోకి కాకి ఎందుకు వస్తుంది? పితృదేవత రూపంలో రావాలన్నా ముందు కాకిగా బతకాలి. దానికి కొమ్మ ఉండాలి, గూడు ఉండాలి.

ఆ కొమ్మలు కొట్టిన రోజు నేను పెదనాన్నను చూడటానికి గుంటూరు నుంచి వెళ్లి ఉన్నాను. నేను చేరేసరికి పని అయిపోయింది. ట్రాక్టరులోకి కొమ్మలు ఎత్తుతున్నారు. రోడ్డు పక్కన కాకి గూడు బోర్లా పడి ఉంది. చేతిలోకి తీసుకుంటే బరువుగా ఉంది. వేపపుల్లలు పైపైనే, లోపలంతా సెంట్రింగు పనిలో కట్టే సన్నటి ఇనుప తీగ ముక్కలు, చీపురుపుల్లలు. వాటిమధ్య నీలం రంగు ప్లాస్టిక్ దారం, అడుగున కొబ్బరి పీచు. ఇనుప తీగను మెలితిప్పి పుల్లల మధ్య దోపిన తీరు చూస్తే తాపీ మేస్త్రీ కూడా మెచ్చుకుంటాడు. గుడ్లు పగిలి ఉన్నాయి. నీలం కలిసిన పచ్చటి పెంకు, మీద గోధుమరంగు మచ్చలు. పగలనిది ఒక్కటే ఉంది. మిగతావాటికన్నా చిన్నది, రంగు కూడా కొంచెం తేడా. అది కాకి గుడ్డు కాదని పెద్దమ్మ దగ్గర పెరిగిన నాకు వెంటనే తెలిసింది. కోయిల గుడ్డు.

కోయిల గూడు కట్టదని, కాకి గూట్లో గుడ్డు పెడుతుందని మనందరికీ చిన్నప్పటి నుంచి తెలుసు. తెలిసిన దానిలోంచి రావలసిన తర్వాతి మాట మాత్రం ఎవరికీ తట్టదు. పెద్దమ్మ దాన్ని ప్రతి ఉగాదికీ అనేది: "కాకి గూడు పీకేసి కోయిల పాట కావాలంటారు." మన పంచాంగంలో రెండు పక్షులకు పెద్దపీట ఉంది. చైత్రంలో కోయిలకు, తద్దినం నాడు కాకికి. ఒకదాని మీద కవి సమ్మేళనాలు, ఇంకోదానికి విస్తరి. ఆ రెండూ పుట్టేది ఒకే గూట్లో. ఆ గూడు ఉండేది మనం తీగలకు అడ్డమని నరికే ఆ కొమ్మ మీదే. ఇంకొంచెం సాగదీస్తే, ఉగాది పచ్చట్లోకి బజారులో గుప్పెడు చొప్పున కొనుక్కునే వేపపువ్వు కూడా అలాంటి కొమ్మదే. పండుగలోని చేదును కూడా కొనుక్కోవలసిన స్థితికి వచ్చాం.

ఇక్కడ చిన్న పక్కదారి. ఆ పాడేది మగ కోయిల. నల్లగా నిగనిగలాడుతూ, ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమరంగులో తెల్లచుక్కలతో ఉంటుంది. దానికి పాట రాదు, కిక్కు కిక్కుమని అరుస్తుంది. కాకిని ఏమార్చి గుడ్డు పెట్టే పనంతా దానిదే. "పాడేవాడికి బిరుదులు, పనిచేసేదానికి దొంగ అన్న పేరు" అని పెద్దమ్మ పెదనాన్న వైపు చూస్తూ అనేది. ఆయన పేపరు తిరగేసేవారు.

కాకి మీద చట్టం చూపు కూడా చాలాకాలం ఇలాగే ఉండేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అయిదో షెడ్యూలు అని ఒకటి ఉండేది. హానికర జీవుల జాబితా అది. అందులో ఎలుకలు, గబ్బిలాలతో పాటు కాకి పేరూ ఉంది. అంటే ఏడాదికోసారి దండం పెట్టి పిలిచే పక్షికి చట్టం దృష్టిలో ఏ రక్షణా లేదు. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ షెడ్యూలును తీసేశారు. పేపరులో ఆ వార్త వచ్చిన రోజు పెద్దమ్మ కత్తిరించి అద్దానికి అంటించింది. "మా నాన్నను ఎలుకల పక్కనుంచి లేపారు" అని ఫోన్ చేసి చెప్పింది.

ఇలాంటి మనిషి గుంటూరు మా ఇంటికి వస్తే గుళ్లకు వెళ్లేది కాదు, ఉప్పలపాడు వెళ్లేది. పెదకాకాని మండలంలో ఉన్న ఆ చిన్న ఊరి చెరువులో చలికాలం మొదలయ్యేసరికి చెట్లు కనబడవు, పక్షులే కనబడతాయి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, అన్నీ ఒకదాని మీద ఒకటి వాలినట్టు ఉంటాయి. ఒడ్డున ఎవరో ఒకరు పిల్లలకు "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి" అని చెబుతుంటారు. పెద్దమ్మ ఆగలేకపోయేది. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరకు వెళ్లి, "గూడబాతు మన దేశం పక్షేనండీ, ఎర్రకాళ్ల కొంగ కూడా మనదే. నీళ్లనూ చేపలనూ వెతుక్కుంటూ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు తిరుగుతుంటాయి, అంతే" అని చెప్పేది. కొందరు వినేవారు, కొందరు సెల్ఫీ తీసుకుని వెళ్లిపోయేవారు.

ఉప్పలపాడులో ఆవిడను ఎక్కువగా కదిలించింది పక్షులు కాదు, అవి గూళ్లు కట్టుకున్న చెట్లు. అవి సర్కారు తుమ్మలు. మనందరం తిట్టే ముళ్లచెట్టు. పరాయి దేశం నుంచి వచ్చింది, నేలను ఆక్రమిస్తుంది, పొయ్యిలోకి తప్ప పనికిరాదు అనుకునే చెట్టు. ఈమధ్య రోడ్ల మధ్య విభాగినుల్లో నాటిన కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు మీద పెద్ద గొడవ నడిచింది. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది కూడా. ఆ వాదనలో పెద్దమ్మ కోనోకార్పస్‌కు వ్యతిరేకమే, అనుమానం లేదు. కానీ దేశవాళీ చెట్టైతే మంచిది, విదేశీ అయితే చెడ్డది అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే ఒప్పుకునేది కాదు. "ముందు తలెత్తి చూడండి. దాని మీద ఎవరున్నారో చూసి అప్పుడు మాట్లాడండి" అనేది. కొత్తగా నాటేటప్పుడు జాతి ఎంచుకోండి, ఉన్నదాన్ని కొట్టేటప్పుడు గూడు చూడండి. ఇంతకన్నా తెలివైన వృక్ష విధానం నాకు ఎక్కడా కనబడలేదు.

ఆ ఊరివాళ్లు చేసింది చూడండి. పక్షులు వాలిన చెరువంటే అందంగా ఉంటుందని దూరం నుంచి అనుకుంటాం. దగ్గరికి వెళ్తే కంపు, రెట్టలు, రాత్రంతా అరుపులు. వాటన్నిటినీ భరిస్తూ చెట్లను కొట్టకుండా ఉన్నారు. చెరువును ఉండనిచ్చారు. అదీ కాపాడటమంటే. దానికి ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బను ఉండదు, ఫోటోలో చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. 1950లో అప్పటి కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వన మహోత్సవం మొదలుపెట్టారు. ఆనాటి నుంచి ఏటా జులైలో మనకు మొక్కలు నాటే పండుగ ఉంది. నాటిన మొక్కకు తర్వాతి ఏప్రిల్‌లో, మేలో ఎవరు నీళ్లు పోశారో చూసే పండుగ లేదు. బ్లేజ్‌వాడ అని ముద్దుగా పిలుచుకునే ఊళ్లో ఉండాల్సింది ఆ రెండో పండుగ.

2021 చివర్లో వేపచెట్లకు వచ్చిన తెగులు చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కొమ్మల చివర్లు మాడిపోయి, నిలువునా చెట్లు గోధుమరంగుకు తిరిగాయి. శిలీంధ్రం ఒకటి, చిగుళ్ల రసం పీల్చే తేయాకు దోమ ఒకటి, రెండూ కలిసి చేసిన పని అది. 2018లో మనం రాష్ట్ర వృక్షంగా ప్రకటించుకున్న చెట్టు, మూడేళ్లకు వీధి వీధినా చచ్చినట్టు నిలబడింది. పెద్దమ్మ వాళ్ల ఇంటి ముందు వేప కూడా అంతే. ఎండిన చెట్టు గాలికి మీద పడుతుందని, ఆ స్థలంలో రెండు కార్లు పెట్టుకోవచ్చని అపార్టుమెంటు వాళ్లు కొట్టించడానికి మనిషిని మాట్లాడారు. వాళ్ల మనసులో ముందున్న కారణం ఏదో నేను చెప్పను.

పెద్దమ్మ గోరుతో బెరడు గీరి లోపల పచ్చదనం చూపించింది. "బతికే ఉంది, ఉగాది దాకా ఆగండి" అంది. ఎవరూ వినలేదు. అప్పుడు చేతిసంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసింది. 2002లో వచ్చిన వాల్టా, అంటే నీరు, నేల, చెట్ల చట్టం అవి. చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలన్న చోట ఎర్ర సిరాతో గీత గీసి పెట్టుకుంది. చట్టాన్ని చూసి కాదు, ఆవిడ ఎంతదాకా వెళ్తుందో తెలిసి వెనక్కి తగ్గారు. వేసవి ముందు కింది కొమ్మల నుంచి ఎర్రటి చిగురు వచ్చింది. వానలు పడేసరికి చెట్టు నిండింది. ఆవిడకు ఎవరూ ధన్యవాదాలు చెప్పలేదు, కార్లు మాత్రం ఆ నీడలోనే పెట్టుకున్నారు. ఆ చెట్టునే 2025 మేలో మోడు చేశారు. అడ్డం నిలబడే మనిషి లేదు.

మొక్కల పంపకం మీద నా కోపం ఇక్కడిది. ఆవిడ కాపాడిన చెట్టు ఇంటి ముందు మోడై ఉంది. ఆ మోడు కింద టేబులు వేసి, ఆవిడ ఫోటో పెట్టి, ఆవిడ పేరు మీద జానెడు మొక్కలు పంచాం. ఆ ఫోటో కింద "ప్రకృతి ప్రేమికురాలు" అని అచ్చు వేయించారు. బతికున్నప్పుడు ఆవిడకు ఆ వీధిలో ఉన్న పేరు వేరు. అది ఇక్కడ రాయను.

ఆ పేరు పెట్టినవాళ్లు అంతా చెడ్డవాళ్లని కాదు. పెద్దమ్మతో వేగడం ఎవరికీ సులువు కాదు. మే నెలలో గూట్లో పిల్లలున్న కాకి చెట్టు కింద నడిచేవారి తల మీద తన్నుతుంది. కింది అంతస్తులో ఒకావిడ నెత్తి గీరుకుపోయి పైకి వస్తే, "రెండు వారాలు గొడుగు వేసుకుని వెళ్లమ్మా" అని పంపింది. అంతకన్నా పెద్దది ఒకటుంది. ఒక ఏడాది ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగల మీద పడి రాత్రంతా కరెంటు లేదు. ఆ వీధిలోనే ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న ముసలాయన ఉన్నారు. వాళ్లబ్బాయి సిలిండరు కోసం ఆ వానలో ఊరంతా తిరిగాడు. మర్నాడు కొమ్మలు కొట్టడానికి వస్తే అప్పుడు కూడా పెద్దమ్మ అడ్డం పడింది. ఆ విషయంలో నేను ఆవిడ పక్షం కాదు. ఆవిడ గెలవకపోవడమే మంచిదయింది.

కాబట్టి నేను కొమ్మలు అసలు కొట్టవద్దనడం లేదు. తీగలు ఉన్నంతకాలం కొట్టక తప్పదు. ఎప్పుడు కొడుతున్నారన్నదే ప్రశ్న. ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కొడుతున్నారు. గాలివానలు రాబోతున్నాయి కాబట్టి అప్పుడు కొట్టాలంటారు. సరిగ్గా అప్పుడే కాకి గుడ్లు పెట్టి ఉంటుంది, దాని గూట్లో కోయిల గుడ్డూ ఉంటుంది. జూన్‌కు వాయిదా వేస్తే గుడ్డికొంగలు, తెల్లకొంగలు ఊళ్లోని పెద్ద చెట్ల మీద గూళ్లు పెడతాయి, వానాకాలం అంతా పిల్లలుంటాయి. అక్టోబరు, నవంబరు తుపానులకు పోతుంది. మిగిలింది మార్గశిరం నుంచి మాఘం దాకా. గూళ్లు ఖాళీ. చెట్టు ఎక్కే కూలీకి కూడా ప్రాణం సుఖం. మే నెల ఎండలో నడుముకు తాడు కూడా లేకుండా కొమ్మ మీద నిలబడి కత్తి విసిరే మనిషిని ఒకసారి కిందనుంచి చూడండి, కాకి సంగతి తర్వాత. ఫాల్గుణానికి వేప మళ్లీ చిగురిస్తుంది, ఎండలు ముదిరేసరికి కొంతైనా నీడ ఉంటుంది. చలికాలంలో కొడితే వానలనాటికి మళ్లీ పెరిగి తీగలకు తగులుతాయని ఒక అభ్యంతరం ఉంది. అందులో నిజం ఉంది. తీగ దగ్గర ఒక అడుగు ఎక్కువ కొట్టండి, తీగకు దూరంగా ఉన్న తలను వదిలేయండి. మొన్న మా వీధిలో నరికిన కొమ్మల్లో సగానికి తీగతో సంబంధమే లేదు. ట్రాక్టరు వచ్చింది కదా అని అవతలివైపు కూడా కొట్టించారు.

ఇదంతా వదినకు చెప్పాను. ఆమె ఇచ్చిన జవాబు కూడా రాయాలి, లేకపోతే ఇది ఏకపక్షమవుతుంది. "మీరు చెప్పేది బాగుంది మరిదిగారూ. ఆ పనికి ఆఫీసుల చుట్టూ తిరగాలి, వీధిలో వాళ్లతో తగువు పెట్టుకోవాలి. మామయ్యగారికి అర్ధరాత్రి ఏదైనా అయితే ముందు పరుగెత్తుకొచ్చేది ఆ వీధిలో వాళ్లే. అత్తయ్య తగువులు అత్తయ్య మోయగలిగారు, మావల్ల కాదు. నాకు ఆవిడ పేరు మీద నా చేతితో నలుగురికి ఏదైనా ఇవ్వాలని ఉంది. అదీ తప్పేనా?"

తప్పు కాదు. పోయిన మనిషి కోసం చేతులతో ఏదో ఒకటి చేయాలనిపించడం దుఃఖంలో భాగమే. ఉత్తరాలు రాయండి, చట్టాలు చదవండి అంటే ఆ చేతులు ఊరుకోవు. పైగా ఆమె పంచినవాటిలో కరివేపాకు మొక్కలు చాలావరకు బతికే ఉన్నాయని విన్నాను. అవసరం ఉన్నదాన్ని జనం చావనివ్వరు. మిగతా సంపెంగలు, పొగడలు ఏమయ్యాయో అడగడం లేదు. ఇవ్వడం మీద కాదు నా గొడవ. ఇచ్చేసి, ఇక ఆవిడ రుణం తీరిపోయిందనుకోవడం మీద. వీధిలో వాళ్లతో తగువు వద్దన్న మాటలో మాత్రం ఆమెకు నాకన్నా ఎక్కువ తెలుసు. పెద్దమ్మ దారి పెద్దమ్మకే చెల్లింది. అందరం కలిసి అడిగితే అది తగువు కాదు, అర్జీ అవుతుంది.

అర్జీ రాశాం. కొమ్మలు కొట్టే పని డిసెంబరు, ఫిబ్రవరి మధ్యకు మార్చండి, తీగకు తగిలేవే కొట్టండి, అంతే. ఆక్సిజన్ యంత్రం ఉన్న ఇంటివాళ్లను ముందు అడిగాం, వాళ్లు ఒప్పుకున్నాకే మిగతా ఇళ్లకు వెళ్లాం. మొదటి సంతకం పెదనాన్నది. నెత్తి గీరుకుపోయిన కింది అంతస్తు ఆవిడ కూడా సంతకం పెట్టింది. "ఆవిడ ఉండగా అడిగుంటే పెట్టేదాన్ని కాదు" అని నవ్వింది. తీసుకున్న అధికారి మర్యాదగానే మాట్లాడారు. వచ్చే చలికాలానికి ఆలోచిస్తామన్నారు. ఈ మే నెలకు మాత్రం హామీ ఇవ్వలేమన్నారు.

అంటే ఈ వేసవికి మళ్లీ వస్తారు. మోడైన వేపకు పక్కల నుంచి కొమ్మలు లేచాయి. ఫాల్గుణంలో రెండు కాకులు పుల్లలు మోస్తున్నాయని పెదనాన్న ఫోన్ చేశారు. చెట్టు పేరు అడిగితే, "అదే, మీ పెద్దమ్మ చెట్టు" అన్నారు. కొమ్మలు కొట్టేవాళ్లు వచ్చినప్పుడు గూడు ఏ కొమ్మ మీద ఉందో చూపించి, ఆ ఒక్కదాన్ని వదలమని అడగాలి. అడిగితే వదులుతారు. పెద్దమ్మ రోజుల్లోనూ గట్టిగా కాదనేది వాళ్లు కాదు, కింద నిలబడి పురమాయించేవాళ్లే. ఎక్కిన మనిషికి మజ్జిగ ఇచ్చే పని వదిన తీసుకుంది. నేను మే మొదటి రెండు వారాలు సెలవు పెట్టి బెజవాడలోనే ఉంటాను. అదే వీధిలో ఉండేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. వాళ్లు పొద్దున ఏడింటికల్లా పని మొదలుపెడతారు. నిచ్చెన చప్పుడు వినబడగానే కిందికి దిగండి, కాఫీ తర్వాత తాగవచ్చు.